సొంతవాళ్ళు ముంచిన రోజున



తాళంచెవి మన చేత్తో మనమే ఇచ్చినవాళ్ళు ఇల్లు ఖాళీ చేసేస్తే ఎవరికి చెప్పుకుంటాం? పోలీసులకి చెబుదామంటే నోరు రాదు. చుట్టాలకి చెబితే పరువు పోతుంది. పోనీ, దేవుడే చూసుకుంటాడులే అని సర్దుకుందామంటే ఆ మాట గొంతు దిగదు. ఇవాళ నేను ఆ గొంతు దిగని మాట గురించే మాట్లాడతాను.

మన భిలాయ్ తెలుగు కుటుంబాల్లో ఈ బాధ ఎక్కడ మొదలైందో చూడాలంటే ఈ ఊరు పుట్టిన తీరు చూడాలి. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి మనవాళ్ళు రైలెక్కారు. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ దాటి, రాయపూర్ మీదుగా ఇక్కడ దిగారు. మట్టి తట్టలు మోసినవాళ్ళున్నారు, వెల్డింగ్ నేర్చుకున్నవాళ్ళున్నారు, పర్మినెంటు అయ్యి సెక్టార్లలో క్వార్టర్లు తెచ్చుకున్నవాళ్ళున్నారు. అయితే క్వార్టర్ కంపెనీది. రిటైరైతే ఖాళీ చెయ్యాలి. అందుకని ముప్ఫయ్యేళ్ళు ఇక్కడ ఉన్నా మనసు మాత్రం ఊళ్ళోనే కాపురం ఉండేది. ఊళ్ళో రెండెకరాలు కొనుక్కోవాలి, ఓ ఇల్లు కట్టుకోవాలి, ఆఖరి రోజులు అక్కడ గడపాలి. ఇక్కడ మనిషి షిఫ్టులో ఉంటాడు, అడిగినప్పుడు సెలవు దొరకదు. బేరమాడేది, అడ్వాన్సు ఇచ్చేది, రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసేది ఊళ్ళో ఉన్న తమ్ముడో బావమరిదో. అంటే నమ్మకం మీద తప్ప మరో దారి లేదు. నమ్మకం నిలబెట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు. నిలబెట్టనివాళ్ళ గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు బాగా తెలుసు. ఆయన ట్రంకుపెట్టెలో మనియార్డర్ రసీదుల కట్ట ఒకటి ఉంది. డబ్బు ముట్టిందని అవతలివాళ్ళు సంతకం పెడితే పోస్టులో తిరిగొచ్చే చీటీలు. వాటిని ఏళ్ళవారీగా పేర్చి, పురికొసతో కట్టి ఉంచాడు. ఒకసారి విప్పి నా ముందు పరిచాడు. అన్నింటి మీదా తమ్ముడి సంతకమే. మొదటి చీటీల్లో అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసిన తెలుగు సంతకం, ఒత్తులు పక్క గీతలోకి జారిపోయి ఉన్నాయి. పోనుపోను చెయ్యి తిరిగింది. చివరి చీటీల్లో ఒకే గీతలో లాగేసిన ఇంగ్లీషు సంతకం. ఆ చెయ్యి తిరగడానికి ఎన్ని నైట్ షిఫ్టులు కరిగాయో ఆయనకి తెలుసు. రిటైరై ఊరెళ్ళేసరికి పొలం తమ్ముడి పేరు మీద ఉంది. ఇల్లూ అంతే. తమ్ముడు అరవలేదు, కొట్టలేదు. "అమ్మని కడదాకా చూసింది నేను. దుక్కి దున్నింది నేను. నీకు భిలాయ్‌లో బతుకు ఉంది గదా అన్నయ్యా" అన్నాడట. అందులో సగం నిజం ఉంది. అందుకే ఆ మాట మరీ లోతుగా దిగింది.

ఆయన తిరిగి వచ్చి ఏడాది దాటినా ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి "పొలం కవులుకిచ్చాం" అనేవాడు. మోసం చేసినవాడు ఊళ్ళో తలెత్తుకు తిరుగుతుంటే, మోసపోయినవాడు ఇక్కడ తల దించుకుని తిరిగాడు. నమ్మకద్రోహంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. సిగ్గు తప్పు చేసినవాణ్ణి వదిలేసి, నమ్మినవాడి మెడకి చుట్టుకుంటుంది. "చదువుకున్న పిల్లలున్నారు, కాగితం చూసుకోవద్దా" అని ఎవరో అంటారన్న భయంతో మనిషి నోరు కట్టేసుకుంటాడు. నోరు కట్టేసుకున్న దుఃఖం లోపల లోపలే తిరుగుతుంది.

ఆయన గుడికి వెళ్ళడం కూడా మానేశాడు. ఎందుకని అడిగితే ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "దేవుడు సూస్తన్నాడు, ఊరుకో అంతన్నారు బాబూ. అప్పుడూ సూసేడు గదా. మరప్పుడేటి సెయ్యలేదు?"

ఈ ప్రశ్న అడిగినవాణ్ణి నాస్తికుడని తోసెయ్యడం చాలా తేలిక. తోసెయ్యకండి. ఈ ప్రశ్నని మనకన్నా ముందే కావేరి ఒడ్డున ఒక తెలుగువాడు అడిగాడు.

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టారు. కాకర్ల వారి తెలుగు కుటుంబం. బతుకంతా తిరువయ్యారులో గడిచింది. ఉంఛవృత్తి చేసుకుంటూ, వీధిలో పాడుకుంటూ, దొరికిన బియ్యంతో రోజు గడుపుకున్న మనిషి. శిష్యపరంపర చెప్పుకొచ్చిన కథ మీకు తెలిసే ఉంటుంది. తంజావూరు రాజు శరభోజి ఆస్థానానికి పిలిస్తే ఆయన వెళ్ళలేదు. ఇంటికి రావలసిన సొమ్ము గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. అన్న జపేశుడికి కోపం వచ్చింది. తమ్ముడికి ప్రాణమైన రామ విగ్రహాలని తీసుకెళ్ళి కావేరిలో పారేశాడు.

ఈ కథలో జపేశుణ్ణి రాక్షసుడిలా చూపించడం మనకి అలవాటు. నాకు అలా తోచదు. ఇంట్లో గింజలు నిండుకుంటే ఆ లెక్క ఎవరో ఒకరు చూడాలి. ఆ చూసేవాడికి తమ్ముడి భక్తి పొయ్యి మీదకి రాని ఎసరులాగే కనిపించి ఉంటుంది. మా పెద్దాయన తమ్ముడు "అమ్మని చూసింది నేను" అన్నట్టే జపేశుడి దగ్గరా ఒక న్యాయం ఉండే ఉంటుంది. సొంతవాళ్ళ ద్రోహం ఇలాగే ఉంటుంది, ఎప్పుడూ ఒక న్యాయాన్ని చంకన పెట్టుకునే వస్తుంది. దానివల్ల అది ద్రోహం కాకుండా పోదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. ఆ అన్న తీసుకుపోయింది డబ్బో భూమో కాదు. కష్టం వస్తే ఎవరి ముందు కూర్చుని ఏడవాలో ఆ దేవుణ్ణే తీసుకుపోయాడు. పొద్దున లేచి చూస్తే పూజగదిలో పీఠం ఖాళీ. మా పెద్దాయనకి జరిగిందీ అదే. తమ్ముడు పొలంతో పాటు ఆయన దేవుణ్ణి కూడా పట్టుకుపోయాడు. ఏ దేవుడి మీద ఒట్టేసి "నీ డబ్బుకి నేను పూచీ అన్నయ్యా" అన్నాడో, ఆ దేవుడి ముఖం చూడాలంటే ఆయనకి మనసు ఒప్పలేదు. ద్రోహం జరిగాక గుడికి వెళ్ళలేకపోతున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళకి భక్తి తగ్గిందని నేను అనను. వాళ్ళ పీఠం ఖాళీ అయింది, అంతే.

ఖాళీ పీఠం ముందు త్యాగరాజస్వామి ఏం చేశారు? ఊరుకోలేదు. అంతా మన మంచికే అని కళ్ళు మూసుకోలేదు. ఏటి ఒడ్డున వెతుక్కుంటూ తిరిగారు. ఎక్కడ దాక్కున్నావని కనిపించని రాముణ్ణే నిలదీస్తూ పాడారని ఆ రోజుల కీర్తనలుగా సంప్రదాయం కొన్నింటిని చూపిస్తుంది. ఎదురుగా లేనివాడితో, ఉన్నట్టే పోట్లాడారు. నా దృష్టిలో నమ్మకం అంటే ఇదే. దేవుడు కనిపిస్తున్నప్పుడు దండం పెట్టడం పెద్ద సంగతి కాదు. కనిపించనప్పుడు కూడా ఆయన్నే పేరు పెట్టి పిలిచి, "ఇదేమిటయ్యా" అని అడగగలగాలి.

మన తెలుగు భక్తిలో ఈ గొంతు కొత్తది కాదు. గోల్కొండ చెరసాలలో రామదాసు గారు సీతమ్మకి, లక్ష్మణుడికి తాను చేయించిన నగల లెక్కలు రాముడికే అప్పజెప్పి నిష్ఠూరమాడారు, ఆ నోటితోనే క్షమించమని వేడుకున్నారు. మన క్రైస్తవ సోదరులకి 55వ కీర్తన తెలుసు. దావీదు పేరు మీద ఉన్న ఆ కీర్తన శత్రువుని తలుచుకుని ఏడ్చింది కాదు, తనతో కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుణ్ణి తలుచుకుని ఏడ్చింది. అందులో శాపనార్థాలు కూడా ఉన్నాయి. వాటిని గ్రంథంలోంచి ఎవరూ కొట్టెయ్యలేదు. దేవుడి ముందు కోపం దాచుకోనక్కర్లేదని దానికన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

త్యాగరాజస్వామిది కాపి రాగంలో "అన్యాయము సేయకురా" అనే కీర్తన ఉంది. అందులో ఆయన తన అన్న పెట్టే బాధని సూటిగా రాముడికి విన్నవించుకున్నారు. అన్న మీద ఫిర్యాదు రాముడి దగ్గర పెట్టారన్నమాట. ఆ కీర్తనలోనే పాండవులకి ద్రోహం చేసినవాణ్ణి ధర్మరాజు కాపాడిన సంగతి గుర్తుచేస్తారు. అది ఘోషయాత్ర కథ. అడవిలో ఉన్న పాండవులకి తన వైభవం చూపించి ఏడిపిద్దామని వెళ్ళిన దుర్యోధనుడు చిత్రసేనుడనే గంధర్వుడికి చిక్కాడు. మంచి పని అయిందన్నాడు భీముడు. ధర్మరాజు ఒప్పుకోలేదు, తమ్ముళ్ళని పంపి విడిపించాడు. ఇంతవరకూ అందరం చెప్పుకుంటాం. నేను అడిగేది ఆ తర్వాతి సంగతి. కాపాడాడు గదా అని ధర్మరాజు తన రాజ్యభాగం మీద హక్కు వదులుకున్నాడా? లేదు. అజ్ఞాతవాసం ముగిశాక రాయబారం పంపాడు, కనీసం అయిదూళ్ళైనా ఇవ్వమని అడిగాడు. ద్రోహి ప్రాణం కాపాడింది ఆ మనిషే, వాటా అడిగిందీ ఆ మనిషే. ఒకటి చేసినందుకు రెండోది మానలేదు.

ఇది మనవాళ్ళకి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. దేవుడి మీద భారం వేశానని చెప్పి కాగితాల సంగతి వదిలేసేవాళ్ళని చూస్తే నాకు మనసు ఉండబట్టదు. చట్టం మన భక్తి కోసం ఆగదు. బాకీ డబ్బు వసూలుకి దావా వెయ్యాలంటే మామూలుగా మూడేళ్ళే గడువు. "డబ్బు నాది, పేరు తమ్ముడిది" అని భూమి కోసం కోర్టుకి వెళితే 1988లో వచ్చిన బినామీ చట్టం అడ్డు నిలుస్తుంది. 2016 సవరణతో అది ఇంకా గట్టిపడింది. దస్తావేజులో అన్న పేరూ తమ్ముడి పేరూ కలిపి ఉండి, డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందో చూపించగలిగితే సంగతి వేరు. మా పెద్దాయన దస్తావేజులో ఆయన పేరు లేదు. ఇప్పుడు ఊళ్ళో కొంటున్నవాళ్ళు దయచేసి ఈ ఒక్క మాట వినండి. రిజిస్ట్రేషన్ రోజున ఒక్క పూట సెలవు పెట్టి వెళ్ళండి, మీ పేరు రాయించండి. ఇక పిల్లల చేతిలో దెబ్బతిన్న తల్లిదండ్రుల కోసం 2007 చట్టం ఉంది. తమని చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ఆ దస్తావేజుని రద్దు చేయించుకునే వీలు దాని 23వ సెక్షన్‌లో ఉంది. ట్రిబ్యునల్ గడప ఎక్కడం దేవుణ్ణి నమ్మకపోవడం కాదు. త్యాగరాజస్వామి పాడుతూ కూర్చోలేదని ఇందాక చెప్పాను గదా, వెతికారు కూడా.

మా పెద్దాయన దగ్గరికే వస్తాను. ఒక శనివారం ఆయన కూతురు బలవంతం మీద సెక్టార్ 5 బాలాజీ మందిరానికి వెళ్ళాడు. దండం పెట్టలేదట. మూలవిరాట్టుకి ఎదురుగా నిలబడి, పెదవులు కదుపుతూ, మనియార్డర్లన్నీ ఒక్కొక్కటీ అప్పజెప్పాడట. ఏ ఏడు ఎంత పంపాడు, ఏ నెల బోనసు తమ్ముడి పెళ్ళికి పోయింది, ఏ నెల తన పిల్లకి కొత్త గౌను కొనలేదు. వెనక క్యూలో జనం తోస్తున్నారు. కూతురు పక్కన నిలబడి వింది. ఆమెకి ఈ సంగతి తెలియడం అదే మొదలు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని తండ్రిని అడిగింది. ఆయన చెప్పాడు. ఆ వారంలో పక్కింటాయనకి చెప్పాడు. తర్వాత వకీలుకి చెప్పాడు. ఆలస్యమైపోయిందని ఆ వకీలు చెప్పాడు, ఆ కబురు విని కూడా ఆయన తట్టుకున్నాడు.

పొలం రాలేదు. ఇది మీకు దాచను. కావేరిలో విగ్రహాలు త్యాగరాజస్వామికి మళ్ళీ దొరికాయని కథ చెబుతుంది, అందరికీ అలా దొరకాలని లేదు. దేవుణ్ణి నమ్మితే పోయింది వడ్డీతో సహా తిరిగొస్తుందని నేను ఈ మైకు ముందు కూర్చుని చెప్పలేను, చెప్పేవాళ్ళని నమ్మొద్దని కూడా అంటాను. మా పెద్దాయనకి దొరికింది నోరు. మోసపోయానన్న సిగ్గు మొదట దేవుడి ముందు విడిచాడు, అక్కడ విడిచాక మనుషుల ముందు విడవగలిగాడు. దేవుడి దగ్గర ఎవరూ "కాగితం చూసుకోవద్దా" అనరు. చెప్పింది చెప్పినట్టు వినే చోటు మనిషికి ఒక్కటైనా ఉండాలి. ఆ చోటు ఉన్నవాడు మళ్ళీ లేస్తాడని నేను నమ్ముతున్నాను, నా కళ్ళతో చూశాను కనక.

క్షమించడం సంగతేమిటని అడుగుతారు. ప్లాంట్‌లో పనిచేసినవాళ్ళకి ఒక పోలికతో చెబితే తేలిగ్గా అందుతుంది. మన దగ్గర 260 మీటర్ల పొడవు రైలు పట్టాలు తయారవుతాయి. పైకి నున్నగా, నిగనిగలాడుతూ ఉంటాయి. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ మిగిలిపోతే చల్లారాక లోపల సన్నని పగులు పడుతుంది. కంటికి కనిపించదు. అందుకే ప్రతి పట్టానీ అల్ట్రాసోనిక్ పరీక్ష చేసి గానీ బయటికి పంపరు. పరీక్ష చేశారని పట్టాని అవమానించినట్టా? దాని మీద మనుషులు ప్రయాణం చెయ్యాలి, అందుకు. ఒకసారి పగులు బయటపడ్డ చోట మళ్ళీ బరువు మోపేముందు చూసుకోవడం పగ కాదు.

బైబిల్లో యోసేపు చేసింది అదే. అన్నలు ఇరవై వెండి నాణేలకి అమ్మేశారు. ఏళ్ళు గడిచాక కరువులో ధాన్యం కోసం ఐగుప్తు వచ్చి ఆయన కాళ్ళ దగ్గరే సాగిలపడ్డారు. ఆయన గుర్తుపట్టాడు, వాళ్ళు పట్టలేదు. గింజలిచ్చాడు, వాళ్ళ డబ్బు కూడా రహస్యంగా సంచుల్లో తిరిగి పెట్టించాడు. కానీ వెంటనే "నేను మీ యోసేపుని" అని మెడ మీద పడలేదు. షిమ్యోనుని తన దగ్గర ఆపుకున్నాడు. చిన్నవాడు బెన్యామీనుని తెమ్మన్నాడు. వాడి గోనెలో వెండి గిన్నె పెట్టించి, వీడు నా దగ్గర దాసుడిగా ఉండాలన్నాడు. ఈ చిన్నవాణ్ణి కూడా అలాగే వదిలేసి పోతారా అని చూశాడు. అప్పుడు యూదా ముందుకొచ్చి, వాడి బదులు నేను ఉంటానన్నాడు. యోసేపుని అమ్మేద్దామని అప్పట్లో సలహా ఇచ్చింది ఆ యూదాయే. అది విన్నాక గానీ యోసేపు గొంతెత్తి ఏడవలేదు. ఆకలికి అన్నం మొదటిసారే పెట్టాడు, తనని తాను ఇచ్చింది మాత్రం వాళ్ళు మారారని చూశాకే.

మా పెద్దాయన ఈ కథ ఎప్పుడైనా విన్నాడో లేదో నాకు తెలియదు. మూడేళ్ళ తర్వాత ఆ తమ్ముడి కొడుకు కాంట్రాక్టు పని వెతుక్కుంటూ భిలాయ్ వచ్చి ఆయన గుమ్మం ముందే నిలబడ్డాడు. ఆయన భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆయన "కాళ్ళు కడుక్కో రా" అన్నాడు. కుర్రాడు నెలల తరబడి ఆ ఇంట్లోనే తిన్నాడు. ఒకరోజు బండి కొనుక్కోవడానికి అప్పు తీసుకుంటున్నానని, పూచీకత్తు సంతకం పెట్టమని కాగితం తెచ్చాడు. ఆయన పెట్టలేదు. "అన్నం ఎన్నాళ్ళయినా తిను నాయనా, సంతకం మాత్రం పెట్టను" అన్నాడు. కుర్రాడు మూతి ముడుచుకున్నాడు, రాత్రి భోజనానికి మళ్ళీ వచ్చాడు.

ఇక పక్కింటివాళ్ళతో, చుట్టాలతో, ఈ బాధ పడనివాళ్ళతో ఒక మాట. ఇలాంటి మనిషి ఎదురైతే "కర్మ" అనకండి, "అన్నదమ్ములన్నాక సర్దుకోవాలి" అనకండి. ఎంత పోయిందని ముందే అడగకండి. కూర్చుని వినండి. గుడికైనా చర్చికైనా తోడు వెళ్ళండి, అక్కడ ఆయన దేవుణ్ణి తిడితే తిట్టనివ్వండి. మర్నాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి కూడా తోడు వెళ్ళి, ఆ సర్వే నంబరు మీద ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించండి. వయసైనవాళ్ళకి ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ఎల్డర్‌లైన్ నంబరు 14567. నిద్ర పట్టక, బతుకు మీద ఆశ సన్నగిల్లుతోందనిపిస్తే టెలీమానస్ 14416. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఈ రెండు నంబర్లూ పెద్ద అంకెలతో రాసి ఇంట్లో పెద్దవాళ్ళకి కనబడేలా క్యాలెండరు మీద అంటించండి.